బాలుర రచనయు, పెద్దల దిద్దుబాటును

మన యిండ్లలో బాలుడు వ్యాసము వ్రాసి తెచ్చినపుడు పెద్దలు మొదట చేయు పని తప్పులు వెదకుట. అక్షరదోషమున కొక గీత, విభక్తిదోషమునకు మఱియొక గీత. పుట యంతయు నెఱ్ఱబాఱిన పిదప బాలునకు మిగులునది భయమొక్కటియే. ఉపాధ్యాయులమగు మేమును ఈ దోషమునకు దూరులము కాము. కావుననే యీ విషయమున పూర్వమొక మహానుభావుడు పొందిన యనుభవమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

రష్యా దేశపు నవలాకారుడగు టాల్‌స్టాయి 1859వ సంవత్సరమున తన గ్రామమగు యాస్నయ పొల్యానాలో రైతుబిడ్డలకై యొక పాఠశాలను స్థాపించెను. ఆ దేశపు రైతులకు దాస్యవిమోచనము 1861లో కలిగెను. అనగా ఆ బడిలో మొదట చేరినవారు దాసుల బిడ్డలు. అచట దండనము లేదు, నిర్బంధము లేదు. అయినను వ్యాసరచన మాత్రము సాగలేదు. ఇంటిని వర్ణింపుడు, చెట్టును వర్ణింపుడు అని చెప్పినంతనే పిల్లలకు కన్నీరు వచ్చుచుండెను.

ఒకనాడు టాల్‌స్టాయి సామెతల పుస్తకమును బడికి తెచ్చి, చెంచాతో తినిపించి దాని కాడతో కన్ను పొడుచుటను గూర్చిన సామెతపై కథ వ్రాయుడనెను. ఒక రైతు బిచ్చగానిని చేరదీసి, పిమ్మట తాను చేసిన మేలును దెప్పిపొడుచుట అందలి విషయము. తమవలన కాదు, మీరే వ్రాయుడని బాలురనిరి. ఆయన వ్రాయ నారంభించెను. పిల్లలు వెనుక చేరి చూచి, ఇది బాగులేదు, అది అట్లు కాదని చెప్పసాగిరి. క్రమముగా కథ వారిదయ్యెను, ఆయన లేఖకుడయ్యెను. ఫెద్కా, స్యోమ్కా యను నిరువురు బాలురు రాత్రి పదునొకండు గంటల వఱకు కదలలేదు. కథలోని పురుషుడొకడు ఆడుదాని పొట్టి చలికోటు తొడిగికొని వచ్చెనని వ్రాయవలెనని ఫెద్కా పట్టుపట్టెను. ఆ యొక్క మాటతో మనిషి రూపమంతయు కన్నుల గట్టినదని టాల్‌స్టాయి యాశ్చర్యపడెను. తరువాత ఆ వ్రాతప్రతి, పిల్లలు కాగితముతో ఆటవస్తువులు చేసికొను వేడుకలో నాశమయ్యెను. ఆ యిరువురును నిరుత్సాహపడక, రాత్రి గూర్చుండి దానిని మరల వ్రాసిరి. దండనభయమున వ్రాసిన బాలుడెవ్వడైన నిట్లు చేయునా?

1862లో టాల్‌స్టాయి ఈ వృత్తాంతమును ప్రకటించుచు, వ్రాయుట నెవరియొద్ద నెవరు నేర్వవలెను, రైతుబిడ్డలు మనయొద్దనా, మనము వారియొద్దనా, యని ప్రశ్నించెను. రచనను చూచునపుడు దస్తూరిని గాని, వర్ణక్రమమును గాని, వాక్యనిర్మాణమును గాని విమర్శింపరాదనుట ఆయన చెప్పిన నియమములలో ముఖ్యమైనది.

అట్లయిన భాష చెడదా యని కొంద ఱడుగవచ్చును. వ్యాకరణము వలదని మేమనము; జీవితమంతయు దానిని బోధించినవారము. కాని దానికి వేఱు వేళ కలదు. చెప్పవలసినది పుట్టిన పిదప చెప్పు తీరును దిద్దవచ్చును. పుట్టకముందే గొంతు నొక్కినచో దిద్దుట కేమి మిగులును? మన బాలునకు మఱియొక కష్టము కూడ కలదు. ఇంట తాను పలుకు మాటను కాగితముపై పెట్టుటకే వాడు జంకును. గ్రాంథికమున వ్రాయు మేమే యీ మాట చెప్పుచున్నాము: మొదట వానిని వాని మాటలతోనే వ్రాయనిండు.

మన సామెతలకు కొదువ లేదు. ఈ రాత్రి యొకదానిని బిడ్డకు చెప్పి, కథ వానిని చెప్పనిచ్చి, కలము మీరు పట్టుడు. ఎఱ్ఱసిరా మాత్రము దూరముగ నుంచుడు.