తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మా ఇంటి అటక మీద ఒక పిజ్జా డబ్బా ఉంది. 2015లో, మాదాపూర్ హాస్టల్లో ఉన్న రోజుల్లో, నేనూ నా రూమ్మేటూ దాన్ని కోసి వీఆర్ కళ్ళజోడు చేశాం. అంతకు ముందు ఏడాది జూన్‌లో గూగుల్ తన కార్డ్‌బోర్డ్ కొలతలన్నీ అందరికీ ఇచ్చేసింది: 45 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న రెండు కటకాలు, ఒక అయస్కాంతం, ఒక రబ్బరు బ్యాండు, లోపల పెట్టడానికి మన ఫోను. ఇక వీఆర్ అంటే ఇలా ఎవరికి వాళ్ళు చేసుకునేదే అనుకున్నాం.

మేం ఆ ముచ్చటలో ఉండగానే అసలు కథ వేరేచోట నడుస్తోంది. 2012 ఆగస్టులో ఆక్యులస్ అనే చిన్న కంపెనీ కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర 24 లక్షల డాలర్లు పోగుచేసింది. 2014 మార్చిలో ఫేస్‌బుక్ దాన్ని 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అదే సెప్టెంబరులో ఆక్యులస్ తన మొదటి నమూనా డీకే1 డ్రాయింగులూ ఫర్మ్‌వేరూ బయటపెట్టింది. మంచిపనే. కానీ అప్పటికే డీకే2 మార్కెట్లో ఉంది. ఖాళీచేసిన ఇంటి తాళంచెవి ఊరికి పంచినట్టన్నమాట. 2020 అక్టోబరులో క్వెస్ట్ 2 వచ్చేసరికి ఫేస్‌బుక్ ఖాతా లేనిదే అది తెరుచుకోదన్నారు. ఖాతా తీసేస్తే కొన్న ఆటలూ పోతాయన్నారు. 2022 ఆగస్టులో గానీ ఆ షరతు సడలలేదు.

తమాషా ఏంటంటే, ఆ క్వెస్ట్ లోపల ఉన్నది ఆండ్రాయిడే, దాని కింద లినక్సే. రెండూ ఓపెన్ సోర్సే. పైన వేసిన తాళం మాత్రం కంపెనీది.

‘ఓపెన్’ అనే మాటలో ఇన్ని అరలున్నాయి. వాల్వ్ వాళ్ళ ఓపెన్‌వీఆర్ పేరులోనే ఓపెన్ ఉంది. ప్రోగ్రామర్ వాడుకునే పైభాగం బహిరంగం, అసలు పని చేసే లోపలి భాగం కాదు. 2019 జులైలో వచ్చిన ఓపెన్‌ఎక్స్‌ఆర్ ఒక ఉమ్మడి ప్రమాణం. దానివల్ల ఒకసారి రాసిన యాప్‌ని వేరే కంపెనీ హెడ్‌సెట్‌కి తీసుకెళ్ళడం సులువు. అంతేగానీ హెడ్‌సెట్ మూత అది తీయదు. ఆ ప్రమాణాన్ని లోపలిదాకా ఓపెన్‌గా అమలుచేసింది మొనాడో అనే ప్రాజెక్టు.

ఈ తేడా ఎప్పుడు తెలుస్తుందంటే, కంపెనీ దుకాణం కట్టేసినప్పుడు. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీని ఆపేస్తున్నట్టు 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ చెప్పింది. మరుసటేడు వచ్చిన విండోస్ 11 24హెచ్2లో అది లేదు. దాని మీదే ఆధారపడ్డ హెచ్‌పీ, సామ్‌సంగ్, లెనోవో హెడ్‌సెట్ల తెరలు బాగున్నాయి, కెమెరాలు బాగున్నాయి. వాటితో మాట్లాడేవాడే లేడు. వాటి భాషని ఓపిగ్గా కూడబలుక్కుని, మొనాడోలో డ్రైవర్ రాసి, కొన్నిటిని లినక్స్ మీద మళ్ళీ కదిలించింది బయటివాళ్ళే. దీనికి భిన్నంగా, అమ్మకం ఆగిపోయిన ఆక్యులస్ గోకి 2021 అక్టోబరులో తాళం తీసిన సిస్టమ్ ఇచ్చారు. జాన్ కార్మాక్ పట్టుబట్టి ఇప్పించాడు. లోపల ఒక మనిషి అడిగాడు కాబట్టి దక్కింది. దాన్ని దయ అనాలి, హక్కు అనలేం.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోలేను. సైబర్ టవర్స్ మొదలైన 1998లోనే మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఈ ఊరికొచ్చింది. 2010లో ఫేస్‌బుక్ మన దేశంలో తొలి ఆఫీసు ఇక్కడే తెరిచింది. పాతికేళ్ళుగా ఎవరెవరి ఇళ్ళకో తలుపులు బిగిస్తున్న వడ్రంగులం మనం. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు తాళంచెవుల సంగతి అడుగుతూనే ఉన్నారు. 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచాక వస్తువు నమూనా చేసుకునే చోటు కూడా దొరికింది. పనిముట్లకీ పనివాళ్ళకీ కొదవ లేదు.

మొన్న అటక దులుపుతూ ఆ పిజ్జా డబ్బాలో ఇప్పటి ఫోను పెట్టి చూశాను. ఫోను కొంచెం పెద్దదైంది, అంచు పట్టలేదు. కత్తెర తెచ్చి కోశాను. ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.