సబ్బు మీద సింధు ముద్ర

ఇక్కడ కాలిఫోర్నియాలో ఆరో తరగతి సోషల్ అంటే ప్రాచీన నాగరికతలే. మా అమ్మాయి క్లాసులో ఒక్కొక్కరూ ఒక వస్తువు చేసి తీసుకెళ్ళాలి. సగంమంది ఈజిప్టు బొమ్మల లిపిలో తమ పేర్లు రాసుకున్నారట. మాది సింధు ముద్ర.

సబ్బుబిళ్ళ కోసి, పుల్లతో ఒంటికొమ్ము జంతువునీ, దానిపైన నాలుగు గుర్తుల్నీ చెక్కింది. పిండిముద్ద మీద ఒత్తితే అన్నీ తిరగబడ్డాయి! హరప్పా పనివాడు ప్రతి గుర్తునీ అద్దంలోలా తిరగేసి చెక్కాడని అప్పుడర్థమైంది ఇద్దరికీ.

అసలు ముద్రలు చాలావరకు అంగుళం పైచిలుకు చదరపు బిళ్ళలు. మెత్తని బలపపు రాయిని చెక్కి, కాల్చి గట్టిపరిచేవారు. చిన్నప్పుడు నేను పలక మీద అ ఆలు దిద్దిన బలపం కూడా ఆ రకం రాయే.

"ఇందులో ఏం రాసుంది నాన్నా?" అంది.

ఎవరికీ తెలీదన్నాను. ఈజిప్టు లిపికి రొసెట్టా రాయి దొరికింది, పక్కనే గ్రీకు ఉంది కాబట్టి 1822లో షాంపోలియన్ గుట్టు విప్పాడు. సింధు లిపికి అలాంటి తోడు దొరకలేదు. 1924లో మార్షల్ ఈ నాగరికత సంగతి లోకానికి చెప్పి వందేళ్ళు దాటినా, అందరూ ఒప్పుకున్న అర్థం ఇంకా లేదు.

"అయితే చదవడం వచ్చినవాళ్ళు ఎవరికీ నేర్పకుండానే పోయారా?"

నేను జవాబు చెప్పలేదు. రెండేళ్ళుగా తెలుగు పాఠం తప్పించుకుంటున్న పిల్ల తను, పోనీలే అని ఊరుకున్న తండ్రిని నేను.

ఆ రాత్రి సబ్బు వెనకవైపు తన పేరు తెలుగులో చెక్కింది, తిరగేసి. ఒత్తి చూస్తే ఒక్క దీర్ఘం తప్ప అన్నీ సరిగ్గా పడ్డాయి.