మన్యపు దారి – మోటారు బండి కీలు

చోడవరమునుండి మాడుగుల మీదుగా వాయవ్యమునకు పోవు దారిలో మైదానము ఎచ్చట ముగియునో, కొండ ఎచ్చట మొదలగునో తెలియుటకు పటము అక్కరలేదు. చెఱకు తోటలు వెనుకబడును. దారి మలుపులు తిరుగుచు మీదికి సాగును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న పాడేరు ఆ దారి చివర కలదు. చిరకాలము విశాఖపట్నము జిల్లాలోనే యుండిన ఈ రెండు ఊళ్ళు 2022 ఏప్రిల్ 4వ తేదీన వేఱైనవి. చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరినది; పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. జిల్లాలు రెండైనను దారి ఒక్కటే. అట్టి దారులను మోటారు బండి ఎట్లు ఎక్కగలిగెనో, అందుకై దాని అడుగున తిరుగు ఒక కడ్డీ ఎట్టి మార్పులు పొందవలసి వచ్చెనో ఇచ్చట విచారింతము.

మన ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. ఎద్దులు కాడిని లాగును. కాడి వెంట బండి కదలును. చక్రము ఇరుసుపై దొర్లునే కాని దానిని త్రిప్పువారు వేఱొకరు లేరు. మోటారు బండిలో అట్లు కాదు. యంత్రము ముందుండును, అది త్రిప్పవలసిన చక్రములు వెనుక నుండును. యంత్రము చాసీకి బిగింపబడియుండును. వెనుక ఇరుసు కమాను కట్టలపై పైకి క్రిందికి ఊగుచుండును. నిలిచియున్న చోటినుండి ఊగుచున్న చోటికి ఆ తిరుగుడును అందించుట ఎట్లు? తొలినాటి మోటారు బండ్లలో పెక్కింటికి సైకిలునకు వలె గొలుసులే ఉండెడివి. దుమ్ము, బురద తగిలి ఆ గొలుసులు అరిగెడివి, తెగెడివి.

దీనికి కావలసిన కీలు మోటారు బండికంటె ఎంతో ముందే పుట్టినది. ఇటలీ పండితుడు కార్డానో (1501–1576) పేరు ఐరోపాలో నేటికిని దానికి నిలిచియున్నది. ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్టు హుక్ 1676లో ప్రచురించిన గ్రంథమున దానిని వర్ణించెను. ఆతడు త్రిప్పగోరినది బండి చక్రములను కాదు, ఆకాశమును పరిశీలించు పరికరములను. రెండు కడ్డీల కొనలకు రెండు పంగలు, ఆ పంగల నడుమ కూడిక గుర్తువంటి ఇనుప ముక్క – ఇదియే ఆ కీలు. మన మెకానిక్కులు ఆ నడిమి ముక్కను ‘క్రాసు’ అందురు. 1898లో ఫ్రాన్సులో లూయీ రెనో తన చిన్న కారునకు గొలుసు మాని కడ్డీని అమర్చెను. అమెరికాలో క్లారెన్సు స్పైసరు ఈ కీలునకు దుమ్ము సోకకుండ తొడుగు వేయు ఉపాయము కనిపెట్టి 1903లో పేటెంటు పొందెను.

రెండవ ప్రపంచయుద్ధము ఈ కీలును అడవులకు, ఎడారులకు కూడ చేర్చినది. 1941 మొదలు 1945 వరకు విల్లీసు, ఫోర్డు సంస్థలు ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. జీపునకు కడ్డీలు రెండు: ఒకటి వెనుక ఇరుసునకు, మఱియొకటి ముందు ఇరుసునకు. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో జీపులను కూర్చుటకు ఆరంభించిరి. 1954లో జంషెడ్‌పూరునుండి టాటా–మెర్సిడెస్ లారీలు వెలువడినవి.

అయితే దారి లేనిదే బండి లేదు. చోడవరమునకు పడమటనున్న నర్సీపట్నమునుండి చింతపల్లికి ఘాటుదారి వేయించునప్పుడు చాలీచాలని కూలికి కొండవారిచే వెట్టివలె పని చేయించిరి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి ఠాణాపై జరిపిన దాడికి మూలమైన కష్టములలో ఇదియు నొకటి. అట్లు వేసిన దారులపై నడచు బండి ఆ కొండవారికి క్షేమముగా ఉపయోగపడుట మన ఋణము తీర్చుకొనుట వంటిది.

ఘాటుదారి విడిచి లోపలి పల్లెలకు పోవు బాటలలో గండ్లు, బండలు, వాగులు ఎదురగును. ఒక చక్రము గోతిపై గాలిలో తేలినచో యంత్రము దానినే వృథాగా త్రిప్పును. నేలనున్న చక్రము కదలదు. కావున కమాను కట్టల వంపు పెంచి, షాకిళ్ళను పొడిగించి, ఇరుసు మఱింత దిగునట్లు చేయుదురు. అంతట కడ్డీకి రెండు చిక్కులు కలుగును.

మొదటిది పొడవు. ఇరుసు పైకి క్రిందికి పోవునప్పుడు గేరుపెట్టెకును దానికిని నడుమ దూరము మారును. అందుచే కడ్డీని రెండు తునకలుగా చేసి, గాళ్ళు కోసి, ఒకదానిలో నొకటి జారునట్లు అమర్తురు. జారుడు చాలనిచో ఇరుసు దిగినప్పుడు కడ్డీ ఊడును. కడ్డీ మితిమీరిన పొడవైనచో ఇరుసు ఎగసినప్పుడు గేరుపెట్టెను పొడుచును.

రెండవది వంపు. ఒంటి కీలు వంగి తిరిగినప్పుడు వేగము సమముగా నుండదు. 10 డిగ్రీల వంపులో భేదము నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే. 30 డిగ్రీలలో ప్రతి చుట్టునందును వేగము రెండు మారులు నూటికి 15 వంతులు హెచ్చును, రెండు మారులు 13 వంతులు తగ్గును. ఆ కుదుపే క్రాసును తినివేయును. కడ్డీ రెండు కొనల పంగలు ఒకే తలమున నుండి, రెండు కీళ్ళ వంపులును సమమైనచో మొదటి కీలు చేసిన దోషమును రెండవది సరిదిద్దును.

కావున బండిని చదునైన నేలపై నిలిపి కొలుచుట చాలదు. ఇరుసును పూర్తిగా వ్రేలాడనిచ్చి ఒకమారు, పూర్తిగా పైకి నొక్కి ఒకమారు కొలువవలెను. జారుడు ఎక్కువగా గల కడ్డీని, వంగినప్పుడు ఒకదానికొకటి తగులని పంగలను ఎన్నుకొనవలెను. కట్టలకును ఇరుసునకును నడుమ ఏటవాలు ఇనుపముక్క నుంచి వంపులను సరిచేయవలెను. గొట్టమును కోసి అతికినచో పంగలు ఒకే తలమున నిలిచినవో లేదో, తూకము సరిగానున్నదో లేదో చూడవలెను. కడ్డీ ఓర్వగలిగినదానికంటె ఇరుసు దిగకుండ పట్టీ కట్టి ఆపవలెను.

ఇంత జాగ్రత్త ఏల యందురేమో. విల్లీసు జీపులో చేతిబ్రేకు చక్రములను పట్టదు. వెనుక కడ్డీ మొదటనే పట్టును. వెనుక చక్రములతో మాత్రమే నడచుచుండగా ఆ కడ్డీ ఊడెనా, ఎక్కుటకు బలము పోవును, దిగునప్పుడు గేరు పట్టు పోవును, నిలుపుటకు చేతిబ్రేకు కూడ పోవును. మిగులునది కాలిబ్రేకు ఒక్కటే. వెనుక కూర్చున్న బాలెంతకు గాని, ఆసుపత్రికి పోవు ముసలివానికి గాని ఈ లెక్క తెలియదు. తెలియవలసినది మార్చినవానికి, నడపువానికి.

నేడు పాడేరునకు బస్సులు నడచుచున్నవి. అయినను జీపు తప్ప వేఱొకటి పోలేని పల్లెలు మన్యమున ఇంకను కలవు. బండి అడుగున వంగి క్రాసులో గ్రీజున్నదా, కడ్డీలో జారుడు ఎంత మిగిలినది అని చూచుటకు అయిదు నిమిషములు చాలును. ఆ అయిదు నిమిషములు ఘాటు మొదటనే వెచ్చించుట మేలు.