కెరోటిడ్ డాప్లర్
మెడకు ఇరుపక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులను శబ్దతరంగాలతో చూసే పరీక్ష. దవడ కిందుగా ధమని రెండుగా చీలే చోట కొవ్వు పేరుకుంటుంది. బీపీ, షుగర్, పొగాకు, కొలెస్ట్రాల్, వయసు దానికి కారణాలు. అక్కడి నుంచి తునక ఊడి మెదడులోకి కొట్టుకుపోతే పక్షవాతం. ఒక కంటికి తెర దిగినట్టు చూపు పోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క కాలూచెయ్యీ పట్టు తప్పడం లక్షణాలు. నిమిషాల్లో తగ్గిపోయినా అది హెచ్చరికే. తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోవడం పెద్ద పొరపాటు. ఎడమ ధమని దెబ్బతింటే చచ్చుబడేది కుడి పక్క. చూపు పోయేది మాత్రం ఎడమ కంటికే. ధమని ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుంది, ఈ పరీక్షలో దాన్ని కొలుస్తారు: సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగానికి పైగా, 230 దాటితే 70 శాతానికి పైగా మూసుకుందని అంచనా. ఏ లక్షణమూ లేనివారందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు.