ఇల్లు ఆమె పేరున

ధర్మవరం, పెనుకొండ వైపు పల్లెల్లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) కట్టించిన ఇళ్ల ముందు నిలబడి ఇది ఎవరిదని అడిగితే, ఎక్కువగా వినపడేది ఆడమనిషి పేరే. బోద కొట్టాల్లో పుట్టి పెరిగిన దళిత స్త్రీ చేతికి పక్కా ఇంటి పట్టా ఎలా వచ్చింది? ఆ కథ మొదలైంది ఇక్కడ కాదు. సొంత నేలంటూ మిగలని ఒక తెల్లవాడి దగ్గర మొదలైంది.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడి, 1939లో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కు పోయిన వేలాదిమందిలో ఆయనా ఒకడు. వాళ్లను ఆర్జెలెస్ సముద్రతీరంలో ముళ్లకంచె వేసి ఉంచారు. మొదట్లో అక్కడ గుడారాలు కూడా లేవు. చలికాలం, ఇసుక, పైన ఆకాశం. నెత్తిమీద కప్పు లేకపోవడమంటే ఏమిటో ఆయన పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఆయన జీవితాన్ని చెప్పేవాళ్లు ఈ ఘట్టాన్ని తొందరగా దాటేస్తుంటారు. నాకైతే మొత్తం కథకు పునాది ఇక్కడే పడిందనిపిస్తుంది.

తర్వాత క్యాథలిక్ మతగురువుల జెసూట్ సభలో చేరాడు. 1952లో బొంబాయి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో బావి తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి ప్రోత్సహించాడు. పేదలు ఆయన చుట్టూ చేరేసరికి పెద్దలకు అనుమానం పుట్టింది. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. అప్పుడు దాదాపు 30,000 మంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి దాకా 250 కిలోమీటర్లు నడిచారు. ప్రధాని ఇందిరాగాంధీ కల్పించుకుని, కొన్నాళ్లు బయటికి వెళ్లి రమ్మని, మళ్లీ స్వాగతం ఉంటుందని చెప్పారు. చెప్పినట్టే తిరిగి వచ్చాడు గానీ మహారాష్ట్రలో చోటు లేదు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ఆంధ్రప్రదేశ్ రానిచ్చింది. అలా 1969లో అనంతపురంలో అడుగుపెట్టాడు.

జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు. రొద్దం ఊరి పక్కనే పెన్న నది ఉన్నా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనబడుతుంది. ఊరి చివర దళితవాడలో సెంటు భూమి లేనివాళ్లు, ఒకరి చేలో కూలికి పోయి, గాలివానకు లేచిపోయే కప్పు కింద పడుకునేవాళ్లు. వాళ్ల మధ్యకు వచ్చిన ఈయన వెనక అప్పటికి పెద్ద డబ్బు లేదు. 1970లో జెసూట్ సభను కూడా వదిలేశాడు. బొంబాయిలో విలేకరిగా పనిచేసిన ఇంగ్లండు అమ్మాయి అన్నే పెర్రీని పెళ్లి చేసుకున్నాడు. సభ వదిలినా జనం ఆయన్ను చివరిదాకా ‘ఫాదర్’ అనే పిలిచారు.

రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అలా మొదలైంది. సాయంత్రపు బడులు, వైద్యం, బావులు, చెక్‌డ్యాములు, ఆడవాళ్ల పేరున ఇళ్లు. వాటిలో నన్ను ఎక్కువగా కదిలించేది ఇల్లే. మొగుడి పేరున ఉన్న ఇల్లు అప్పుకు పోవచ్చు, తాగుడుకు పోవచ్చు. ఒక మాటతో ఆడమనిషి వీధిన పడొచ్చు. పట్టా ఆమె పేరున ఉంటే పొమ్మనే అధికారం ఎవరికీ ఉండదు. దశాబ్దాల తరబడి ఆడవాళ్లతో కలిసి కూర్చుని వాళ్ల గోడు విన్న సంస్థకే ఇలాంటి ఆలోచన వస్తుంది. అందులో అన్నే పాలు చాలా ఉంది. మహిళా సంఘాల పని ఆమె ముందుండి నడిపించారు.

డబ్బు ఎక్కడిది? స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలది. 1996లో బార్సిలోనాలో ఫెర్రర్ ఫౌండేషన్ పెట్టారు. లక్షకు పైగా పిల్లలకు అక్కడ స్పాన్సర్లు ఏర్పడ్డారు. ఇక్కడి పిల్ల తెలుగులో ఉత్తరం రాస్తే, అది స్పానిష్‌లోకి మారి ఆ ఇంటికి చేరుతుంది. జవాబూ అలాగే వస్తుంది. కొందరు విమానమెక్కి వచ్చి, తమతో ఉత్తరాలు నడిపిన పిల్ల ఇంటి అరుగుమీద కూర్చుంటారు. ఊళ్లో పెద్దకులాలవాళ్లు ఒకప్పుడు కాలుపెట్టని వాడ అది.

  

ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. అక్కడి ఆర్‌డీటీ ఆసుపత్రికి నేటికీ చుట్టుపక్కల పేదలు వైద్యానికి వస్తారు. 2025లో సంస్థకు విదేశీ నిధుల అనుమతి నిలిచిపోయినప్పుడు ఈ జిల్లా జనం ర్యాలీలు తీశారు. ఆర్‌డీటీని కాపాడమంటూ పైకి లేచిన చేతుల్లో, ఒకప్పుడు ఆ సంస్థ పలక పట్టించిన చేతులెన్నో ఉన్నాయి.

1969 నాటి అనంతపురాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు పండుముసలివాళ్లు. మీ ఊళ్లో ఆ తొలి ఇళ్లలో అడుగుపెట్టిన అవ్వలుంటే పక్కన కూర్చోండి. పట్టా మీద తన పేరు చూసుకున్న రోజు ఎలా ఉందో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.