అహియాకో
కొలంబియా రాజధాని బొగోటాకు పేరు తెచ్చిన చికెన్ సూప్. సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున, చలి వదలని ఆ ఆండీస్ పీఠభూమిలో దీన్ని నిండు భోజనంగానే తింటారు. సంప్రదాయ వంటలో మూడు రకాల బంగాళాదుంపలు పడతాయి. చిన్నగా, పసుపుపచ్చగా ఉండే క్రియోయా ఉడికి కరిగిపోయి సూప్‌కు రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుంది. పస్తూసా కొంత చితుకుతుంది. సబనేరా ముక్కగానే నిలుస్తుంది. మొక్కజొన్న పొత్తు ముక్కలూ ఉంటాయి. కానీ దీని ప్రాణమంతా గ్వాస్కాస్ ఆకులోనే ఉంది. భారతదేశంలో కలుపుగా పీకేసే గాలిన్‌సోగా పార్విఫ్లోరా మొక్క అదే. ఆ ఆకు పడనిది మంచి చికెన్ సూప్ కావచ్చు గాని అహియాకో కాదు. మీగడ, ఊరవేసిన కేపర్ మొగ్గలు, అవకాడో విడిగా వడ్డిస్తారు. మొదట ఏమీ కలపకుండా రెండు చెంచాలు రుచి చూడాలి, ఆకు పరిమళం అప్పుడే తెలుస్తుంది. కేపర్ల పులుపునూ మీగడనూ ఆ తరువాత కొద్దికొద్దిగా చేర్చుకోవచ్చు.