బండ చెడదు, సందు చెడుతది



ఈసారి విత్తనం గురించో మందు గురించో కాదు, ఇంటి ముంగిట బండల వాకిలి గురించి రాస్తున్న. "వాకిలి గురించి గింత రాసేదేముంది" అనుకోకుండ్రి. రెండేండ్ల కింద యాసంగిల నా ఎనిమిది బస్తాల వేరుశనగ కాయ ఆ వాకిట్లనే ఖరాబయింది. తప్పు వానది కాదు, నాది. ఎక్కడ తప్పు చేసిన్నో తెలుసుకుందామని పాత సంగతులు అడుక్కుంటూ, చూసుకుంటూ పోతే చానా దూరం పోవలసి వచ్చింది.

ముందు నా ముచ్చట చెప్త. మాది దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ ఊరు. మా తాత తాండూరు బండలు తెప్పించి వాకిట్ల పరిపించిండు. ఆ వాకిట్లనే జొన్నలు, కందులు, పల్లికాయ ఎండుతూ వచ్చినయి. ఏండ్ల మురికికి బండలు నల్లబడ్డయని నేను బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి పోసిన. బుసబుసమని నురుగొచ్చింది. మురికి పోతున్నదని సంబరపడ్డ. పోయింది మురికి కాదు, బండ పైపొర. ఆరినంక చెయ్యి పెట్టి రాస్తే తెల్లటి పొడి అంటింది.

అంతటితోనన్న ఆగలె. సందులల్ల గడ్డి మొలుస్తున్నదని అన్నీ సిమెంటుతోని మూసిన. చుట్టూ అంచుకు చిన్న కట్ట కట్టిన. మూలకున్న తూము కూడా అందుట్లనే పూడిపోయింది. మా ఇంటామె దర్వాజ కాడ నిలబడి "ఏమయ్యా, తూము మూస్తున్నవు, నీళ్లెటు పోతయి?" అన్నది. నేను ఇనలె.

ఏప్రిల్ల చెడగొట్టు వాన వచ్చింది. కాయ మీద టార్పాలిన్ కప్పిన. పైన చుక్క తడవలె. కానీ వాకిట్ల పడ్డ నీళ్లు బయటికి పోక, నడుమ కుంగిన కాడ నిలిచి, కింద నుంచి కాయను తడిపినయి. తెల్లారి ఎత్తి చూస్తే అడుగు పొరంత నల్లబడ్డది, రెండు మూడు రోజులకు బూజు. పల్లికాయ బూజు అంటే ఉత్త రంగు మారుడు కాదు. దాంట్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏండ్ల సంది దీని మీద పనిచేస్తున్నరు. కాయ తేమ 8 శాతం లోపుకు దిగేదాక ఎండాలె, ఎండినంక మళ్లా తడవొద్దు. బూజు కాయ పశువులకు వేసినా ఆ విషం పాలల్లకు వస్తది. అందుకే ఎనిమిది బస్తాలు గుంత తీసి పూడ్చిన.

ఇగ చరిత్రకు వద్దాం.

మన కాళ్ల కింద ఉన్నది ముఖ్యంగ రెండు రకాల రాయి. ఒకటి మన గుట్టల రాయి, గ్రానైటు. నల్లగొండ, దేవరకొండ, రాచకొండ పేర్లల్లనే ఆ కొండ ఉన్నది. వడ్డెరోళ్లు ఉలితోని వరుసగ గుంతలు కొట్టి, ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతోని చీల్చిన్రు. ఈ రాయి యాసిడ్‌కు అంత తొందరగ లొంగదు. రెండోది సున్నపురాయి. తాండూరు, షాబాదు బండలు, కర్నూలు దిక్కు బేతంచెర్ల నాపరాళ్లు అన్నీ ఈ జాతే. ఇవి భూమిల పొరలు పొరలుగ పేర్చినట్టే ఉంటయి. గడ్డపార పెట్టి లేపితే పలకలుగ వస్తయి. అందుకే అగ్గువకు దొరికినయి. కానీ పులుపు పడితే వీటికి గిట్టదు. మీ ఇంట్ల షాబాదు బండ మీద చింతపులుసు ఒలికిన కాడ తెల్లటి మచ్చ పడుడు చూసే ఉంటరు. నిమ్మరసమే మచ్చ చేస్తే యాసిడ్ ఏం చేస్తదో చెప్పేదేముంది? మీ బండ ఏ జాతిదో తెలవకుంటే ఒక మూలకు నిమ్మకాయ పిండి చూడుండ్రి. కొద్దిసేపటికి కడిగితే మచ్చ మిగిలితే అది సున్నపురాయి.

ఈ రాళ్లను పరుచుకునే తెలివి మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. నల్లగొండ జిల్లా అంచున కృష్ణ ఒడ్డుకు పోదాం. క్రీస్తు శకం 3, 4 శతాబ్దాలల్ల ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడ ఉండేది. దాన్నే నాగార్జునకొండ అంటున్నం. సాగర్ నీళ్లల్ల మునిగిపోతదని 1954 నుంచి 1960 దాక తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఎత్తుగడ్డకు తెచ్చి మళ్లా కట్టిన్రు. అక్కడ దొరికిన ఆటల మైదానం చుట్టూ మెట్లున్నయి. ఆ మెట్లకు లోపల ఇటుక, పైన సున్నపురాతి పలక. ఇటుక నీళ్లు తాగుతది, పలక అంతగ తాగదు. ఎండా వానా తగిలే కాడ రాయి, భారం మోసే కాడ ఇటుక. పదిహేడు వందల ఏండ్ల కింది లెక్క అది.

తర్వాత కాకతీయుల కాలం. 1213ల కట్టిన రామప్ప గుడి కింద ఇసుక పునాది ఉన్నదని అందరం ఇన్నదే. గుడి అంత బరువును ఇసుక మీద నిలబెట్టిన్రంటే దాంట్ల ఒక మాట ఉన్నది. రాయి కింద భూమి వానకు ఉబ్బుతది, ఎండకు ముడుచుకుంటది. దానికి సర్దుకునే మెత్తదనం కింద ఉంటే పైన రాయి పగలదు. మన వాకిలి బండ కింద రెండేళ్ల మందం ఇసుక పోసేది కూడా అందుకే. నేను చేసిన తప్పు ఇక్కడ అర్థమైంది. బండలన్నిటినీ సిమెంటుతోని ఒకటే ముద్ద చేసిన. కదిలే దారి లేక రెండు బండలు అంచు కాడ పగిలినయి.

మరి పాతోళ్లు సందు దేంతోని నింపిన్రు? డంగు సున్నం. సున్నం నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి, ఎద్దు తిప్పే గానుగల నూరిన్రు. కొన్ని కాడ బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపిన్రు. సున్నపు సందు రాయి కంటే మెత్తగ ఉంటది. ఒత్తిడి వస్తే సందు పగులుతది, బండ మిగులుతది. సందును మళ్లా నింపుకోవచ్చు. సిమెంటు సందు రాయి కంటే గట్టిగ నిలబడితే పగిలేది బండ. ఈ ఒక్క మాట ఎరిగి ఉంటే నాకు ఇంత నష్టం రాకపోవు.

అయితే సందును మళ్లా మళ్లా నింపేది ఎవరు? ఇక్కడ మన జిల్లాల చరిత్రల చెప్పుకోవలసిన చేదు మాట ఒకటున్నది. పాత గడీలల్ల బండల వాకిండ్లు తరాలు నిలిచినయంటే రాయి గట్టిదని ఒక్కటే కారణం కాదు. పొద్దుగాల ఊడ్చే చేతులు, నీళ్లు మోసే చేతులు ఉండె. ఆ చేతులకు కూలి లేదు. దాని పేరే వెట్టి. మన తాతల ఇండ్ల ముంగిట మట్టి వాకిలే, పెండతోని అలికి సాన్పు చల్లుకునేది. బండల వాకిలి దొరది, దాన్ని ఊడ్చుడు ఊరిది. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ఒరిగిండు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలనే ఉండె. ఆ పోరాటం భూమి కోసం, లెవీ మీద, వెట్టి మీద. వాకిలి ఊడ్వనన్న మాట కూడా దాంట్ల ఉన్నదని మనం మరువొద్దు.

బండ మన ఇండ్లకు వచ్చుడు తర్వాతి కథ. 1874ల సికింద్రాబాదు నుంచి వాడికి నిజాం రైలు పడ్డది. ఆ లైను తాండూరు మీదికెల్లి పోతది. తాండూరు బండకు దూరపు ఊర్ల దారి తెరిచింది రైలు. రైలు లేని ఊర్లకు ఎడ్లబండ్లు, తర్వాత లారీలు మోసినయి. కొడంగల్, కోస్గి దిక్కోళ్లకు అది పక్కింటి రాయే. మా దిక్కుకు మెల్లమెల్లగ వచ్చింది. దొర వాకిట్ల పరిచే బండ రైతు వాకిట్లకు వచ్చుడు చిన్న సంగతి కాదు. మా తాతకు ఆ వాకిలి అంటే ఎందుకంత పావురమో నాకు ఇప్పుడు తెలుస్తున్నది.

ఇగ ఇయ్యాల్టి సంగతి. అదే సున్నపురాయి ఇప్పుడు హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి దిక్కు ఫ్యాక్టరీలల్ల కాలి, పొడి అయి, సిమెంటు బస్తాల మన ఇంటికి వస్తున్నది. సిమెంటు చెడ్డదని నేను అంటలేను. పశువుల కొట్టంల, నీళ్ల తొట్టికి అదే మేలు. కానీ ఇసుక మీద పరిచిన పాత బండలకు దాన్ని అతికిస్తే అది అతుకు కాదు, సంకెల.

ఎండబోసే జాగ మనకు ఎంత అవసరమో అందరికీ తెలుసు. వడ్లు రోడ్ల మీద పోసి, చుట్టూ రాళ్లు పెడితే చీకట్ల బండ్లోళ్లు గుద్దుకొని పడుతున్నరు. ఉపాధి హామీ పైసలతోని కట్టిన కల్లాల మీద 2022 చివర్ల కేంద్రానికీ రాష్ట్రానికీ పెద్ద పంచాయితీనే నడిచింది. ఆ పంచాయితీ మన చేతిల లేదు. ఇంటి ముంగిట ఉన్న నాలుగు గజాల బండల వాకిలి మన చేతిల ఉన్నది.

నేను మళ్లా సరి చేసుకున్న తీరు చెప్త. శ్రీశైలం నీళ్లల్ల మునుగుతదని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరు వేసి విప్పి, అలంపురంల మళ్లా కట్టిన్రు. నేను కూడా సుద్దముక్కతోని బండ బండకు నంబరు వేసి, వరుస కాగితం మీద గీసుకొని లేపిన.

1. సిమెంటు సందులు సన్న ఉలితోని మెల్లగ కొట్టి తీసిన. తొందర పడితే బండ అంచు ఎగురుతది.

2. కింద మొరం గట్టిగ దిమ్మిస కొట్టి, పైన రెండేళ్ల ఇసుక పోసి మట్టం చేసిన. పది ఫీట్లకు రెండు ఇంచుల వాలు తూము దిక్కు పెట్టిన. గోడ దిక్కు ఎత్తు, బయటికి పల్లం.

3. నానిన సున్నం ఒక పాలు, ఇసుక, ఇటుక పొడి కలిపి రెండు మూడు పాళ్లు వేసి సందులు నింపిన. వారం రోజులు తడి గోనెసంచి కప్పిన. పచ్చి సున్నం కండ్లల్ల పడితే చూపు పోతది, పిల్లలను దగ్గరికి రానియ్యొద్దు.

4. కడుగుడుకు నీళ్లు, కొబ్బరి పీచు చాలు. ఇనుప బ్రష్షు వద్దు, యాసిడ్ వద్దే వద్దు. నాచు పట్టిన కాడ పల్చటి బ్లీచింగు నీళ్లు పోసి, రుద్ది, మంచిగ కడగాలె. బ్లీచింగును దేంతోనీ కలపొద్దు.

5. ఇంజను ఆయిలు పడితే వెంటనే బూడిద చల్లి, పీల్చినంక ఊడ్వాలె. కడిగితే ఇంకింత పాకుతది.

6. యూరియా, డీఏపీ బస్తాలు బండ మీద పెట్టొద్దు. ఆ ఉప్పు బండల ఇంకి, ఎండినప్పుడు పొరలు లేపుతది. గడ్డి చావాలని ఉప్పు పోసుడు కూడా అంతే. గింజ ఎండే కాడ గడ్డి మందు కొట్టొద్దు. వాన పడ్డ తెల్లారి వేరుతోని పీకితే వస్తది.

ఈ పనంత చేస్తుంటే మా అవ్వ యాదికొచ్చింది. ఏటా రోహిణి కార్తె ఎండల్ల, మిరుగు రాకముందు, ఆమె చిన్న పుల్ల పట్టుకొని సందు సందు గీరేది. తూముల చెయ్యి పెట్టి ఆకులు తీసేది. ఇంత సున్నం కలిపి, ఊడిన కాడ బొటనవేలితోని ఒత్తేది. మాకు అది ముసలామె పొద్దుపోని పని లెక్క కొట్టేది. అవ్వ పోయినంక ఆ పని ఎవరూ చెయ్యలె. బండలు నల్లబడుడు, నడుమ కుంగుడు, గడ్డి మొలుసుడు అన్నీ ఆ తర్వాతనే. నేను యాసిడ్‌తోని, సిమెంటుతోని కొనుక్కోవాలని చూసింది అవ్వ బొటనవేలు చేసిన పని.

ఇప్పుడు ఆ పని నేను చేస్తున్న. వాకిలి ఊడ్చుడు, సందు చూసుడు ఆడోళ్ల మీద వదిలేస్తే, గడీ బయట కూడా వెట్టి నడుస్తున్నట్టే. పోయిన యాసంగిల మళ్లా చెడగొట్టు వాన పడ్డది. కాయ కుప్ప చేసి కప్పి, గొడుగు పట్టుకొని తూము కాడ నిలబడి చూసిన. నీళ్లన్నీ బయటికి పోయినయి. మా ఇంటామె ఏమనలె, తూము దిక్కు చూసి లోపలికి పోయింది.

మిరుగుకు ఇంకా దినాలున్నయి. విత్తనం సంచి తెచ్చే ముందు ఒక బకీటు నీళ్లు మీ వాకిట్ల గుమ్మరించి చూడుండ్రి. అవి ఎటు పోతున్నయో, ఎక్కడ నిలుస్తున్నయో చూస్తే మీ వాకిలి సంగతి మీకే తెలుస్తది.